చిలక్కొయ్య మీది ముంత

మంచి పబ్బు ఎలా ఉండాలో నన్నడగండి, చెబుతాను. ఉదయగిరి కొండ కింద పుట్టినవాడికి పబ్బు సంగతేం తెలుసని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నవ్వడం అయ్యాక వినండి. నేను పబ్బు చూశాను, అందులో కూర్చున్నాను, తాగాను. తిరిగొచ్చి ఆత్మకూరు రోడ్డు పక్కన ఒకటి పెట్టాను కూడా. అందులో చుక్క సారా లేదు, చుక్క కల్లు లేదు. అయినా అది పబ్బే. కాదనేవాడు నా పక్కన బల్ల మీద కూర్చుని కాదనాలి. నిలబడి మాట్లాడేవాడితో నేను వాదించను.

మాది ఊరికి ఎడంగా ఉండే పాలెం. ఊరి బావిలో మా కడవ మునగడానికి వీల్లేదు. మా నాయన మునసబు ఇంట్లో పాలేరు. తెల్లవారుజామున ఎద్దుల్ని తోలే ముల్లుగర్ర భుజాన వేసుకుని పోయి, పొద్దుగూకాక అదే భుజం మీద వేసుకుని వచ్చేవాడు. నేను కూడా ఆ ఎద్దుల వెనకే నడవాల్సినవాణ్ణి. యుద్ధం రోజుల్లో నెల్లూరులో పటాలంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని ఇంట్లో చెప్పకుండా పారిపోయాను. రోడ్లు వెయ్యడం, వంతెనలు కట్టడం మా పటాలం పని. ఎడారిలో శత్రువులకి దొరికిపోయి, ఖైదులో ఏళ్ళు గడిపి, వాళ్ళు ఓడిపోయాక బయటపడ్డాను. ఇంటికి పంపే ఓడ దొరికేదాకా మమ్మల్ని ఇంగ్లాండులో ఒక పల్లెటూరి పక్కన గుడారాల్లో ఉంచారు. ఆ ఊళ్ళో ఉంది పబ్బు.

మొదటిసారి పోయినప్పుడు నేను లోపలికి పోలేదు. వర్షం పడుతోంది. ఇంటి చుట్టూ తిరిగి వెనక గోడ దగ్గర, చూరు కింద నిలబడ్డాను. ఎవరో చెప్పి చేసిన పని కాదు. కాళ్ళకి అలవాటు. మా ఆత్మకూరు కాఫీ హోటలు దగ్గరైతే వెనక్కి పోవాలి, చూరులో దోపి ఉంచిన కొబ్బరి చిప్ప మనమే తీసుకోవాలి, పైనుంచి పోస్తే తాగాలి, కడిగి మళ్ళీ చూరులో దోపాలి. ఇంగ్లాండులో కూడా నా కళ్ళు ఆ చూరులో చిప్ప కోసమే వెతికాయి. ఆ పబ్బు నడిపే ఆమె, లావుపాటి మనిషి, చెత్త పారబోయడానికి బయటికొచ్చి నన్ను చూసింది. ఏదో అంది. నాకు అర్థం కాలేదు. నా చొక్కా చెయ్యి పట్టుకుని ముందువైపుకి లాక్కుపోయి వాకిలి చూపించింది. ఇదిగో వాకిలి, ఇటునుంచి రావాలి అని. అంతే. పిలిచి పీట వెయ్యలేదు, పాపం అని మొహం పెట్టలేదు. వాకిలి చూపించి తన పనిలోకి పోయింది.

ఇక ఆ తాగుడు సంగతి చెప్పమంటారా? చేదు. చల్లగా ఉండదు, వేడిగా ఉండదు. మా తాటికల్లు ముందర అది కుడితి. కాబట్టి జనం పబ్బుకి తాగుడు కోసం పోతారంటే నేను చచ్చినా నమ్మను. బల్ల కోసం పోతారు. అక్కడ గోడ పొడుగునా ఒకటే బల్ల ఉండేది. కుర్చీలు వేశారనుకోండి, ఎవడి కుర్చీ వాడిది. బల్ల అయితే కొత్తవాడు వచ్చినప్పుడు కూర్చున్నవాడు జరగాలి. ఆ జరగడంలోనే ఉంది మర్యాదంతా. అంగడి మనిషి ఎందుకొచ్చావని అడగకూడదు, ఎప్పుడు లేస్తావా అని చూడకూడదు. వాకిలి ఒక్కటే ఉండాలి, అది రోడ్డు వైపే ఉండాలి. ఇవి ఉంటే పబ్బు, లేకపోతే గొడ్లచావిడి.

ఒక ముసలాయన నేను కూర్చోగానే లేచి అవతలికి పోయేవాడు. లేదని ఎందుకు చెప్పాలి? తెల్లవాళ్ళందరూ దేవుళ్ళని నేను చెప్పడం లేదు. వాళ్ళు మన నెత్తినెక్కి కూర్చున్న సంగతి నాకూ తెలుసు, నా వీపుకీ తెలుసు. కానీ ఆమె ఆ ముసలాయన కోసం నన్ను జరగమనలేదు. ఆయన పోతే పోయాడని మళ్ళీ గ్లాసులు తుడుచుకుంది. నేను లెక్కలోకి తీసుకున్నది అది.

రోజూ వచ్చేవాళ్ళ పిడి ముంతలు ఆ ఇంటి దూలానికున్న కొక్కేలకి వేలాడుతుండేవి. ఎవరి ముంత వాళ్ళది. నీ ముంత అక్కడ వేలాడుతోందంటే నువ్వు ఆ ఊరివాడివని అర్థం. ఓడ ఇంకా రాలేదు, చలి పెరుగుతోంది. ఒక సాయంత్రం పోతే దూలానికి కొత్త కొక్కెం, దానికి నీలం గీత ఉన్న ముంత కనిపించాయి. ఆమె దాన్ని చూపించి నా ఛాతీ మీద వేలు పెట్టింది. ఖైదులో ఒక్క కన్నీటి చుక్క రాల్చనివాణ్ణి, ఆ ముంత పట్టుకుని ఏడ్చాను. ఎవడేమన్నా అనుకోనీ, ఏడ్చాను.

తిరిగొచ్చిన రోజు మా నాయన ఆత్మకూరు దాకా ఎదురొచ్చాడు. నెల్లూరు బస్సు దిగాను. పటాలం కోటు, బూట్లు. నాయన నన్ను తాకడానికి భయపడ్డాడు. 'కాఫీ తాగుదాం దా నాయనా' అని బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లోకి నడిచాను. కోటు చూసి హోటలాయన లేచి బల్ల తుడిచి, ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చిపెట్టాడు. సగం తాగి వెనక్కి చూస్తే నాయన లేడు. ఇంతలో మా ఊరాయన ఎవరో వచ్చి హోటలాయన చెవిలో నేనెవరి కొడుకునో ఊదాడు.

హోటలాయన గొంతు మారిపోయింది. 'ఏందిరా, ముందే చెప్పాల్సిన పని లేదా? లేచి అవతలికి పో.' నా చేతిలోంచి గ్లాసు పట్టకారుతో తీసి, నా కళ్ళ ముందే పొయ్యిలో నిప్పుల మీద పడేశాడు. ఇత్తడి నల్లబడేదాకా చూస్తూ నిలబడ్డాను. ఒళ్ళు మండి బయటికి వచ్చేశాను.

వెనక్కి పోతే మా నాయన అక్కడున్నాడు. చూరు కింద గొంతుక్కూర్చుని, రెండు చేతులతో కొబ్బరి చిప్ప పట్టుకుని కాఫీ తాగుతున్నాడు. నా కోసం ఇంకో చిప్ప తీసి పక్కన పెట్టాడు. 'దా అబ్బయ్యా, కాఫీ బాగుండాది' అన్నాడు. ఆ మాటలో బాధ లేదు. ఉండి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. ఆ క్షణంలోనే అనుకున్నాను, మా నాయన బల్ల మీద కూర్చుని, పిడి ఉన్న ముంతలో తాగాలి. అది చూడకుండా నేను చావకూడదు. నాకు ఇంకే కోరికా లేదు, ఆస్తులొద్దు, మేడలొద్దు.

స్వరాజ్యం వచ్చింది. ఆ వెనకే ప్రొహిబిషన్ వచ్చింది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు మీద, మా ఊరు దాటగానే ఉన్న కల్లంగడి మూతపడింది. ఆ కొట్టం ఖాళీగా పడి ఉంటే అడిగాను. దాని సొంతదారు పక్క ఊరి మనిషి, కల్లు వాసన పట్టిన కొట్టం ఎవరికి పనికొస్తుందని ఇచ్చేశాడు.

తిరిగొచ్చాక నాకు పెళ్ళయింది. నా భార్య ఇది విని ముక్కున వేలేసుకుంది. 'కల్లు లేని కల్లంగడి యాడన్నా ఉండాదా? నీకు యుద్ధంలో తలకి దెబ్బ తగిలినాది, నువ్వు చెప్పడంలా.'

'కల్లు లేదు మే. మజ్జిగ ఉంటుంది, కాఫీ ఉంటుంది, అలసందవడ ఉంటుంది.'

'మన చేతి మజ్జిగ ఎవురు తాగుతారు?'

'చూద్దాం. తాగకపోతే మనమే తాగుదాం.'

ఆమె సణిగింది గానీ, పుట్టింటినుంచి వచ్చిన పాడిబర్రెని ఆ కొట్టం పక్కన కట్టేసింది కూడా ఆమే. నా మాట నిలబెట్టిన మనిషి ఎవరంటే ఆ బర్రె, ఆ తరవాత నా భార్య. ఈ మాట ఆమెకి చెబితే నెత్తిన మొట్టింది.

తాటి మొద్దు చీల్చి గోడ పొడుగునా బల్ల వేశాను. వెనక వైపు ఉన్న దొడ్డివాకిలి రాళ్ళు పేర్చి మూసేశాను. రోడ్డు వైపు ఒక్కటే వాకిలి. చూరు పొడుగ్గా ఉంటే దాన్ని కత్తిరించేశాను, చిప్ప దోపడానికి చోటు లేకుండా. వాకిలి మీద రేకు ముక్క కొట్టి దాని మీద తారుతో 'పబ్బు' అని రాశాను.

ఖద్దరు చొక్కా పెద్దమనిషి ఒకాయన సైకిలాపి చదివి మండిపడ్డాడు. 'తెల్లోళ్ళని ఓడెక్కించి తరిమినాం, నువ్వు వాళ్ళ అంగడి తెచ్చి ఈడ పెడతావేందిరా? స్వరాజ్యం వచ్చింది తెలుసా నీకు?'

'వచ్చిందని విన్నాను సామీ. మా పాలెందాకా వచ్చిందో లేదో చూద్దామనే ఇది పెట్టినాను. రాండి, కూర్చోండి' అన్నాను. ఆయన కూర్చోలేదు. సైకిలెక్కి పోయాడు.

ముంతల కోసం ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే సాయిబు దగ్గరికి పోయాను. కొండ మీది కర్రతో ఆయన చెక్కని వస్తువు లేదు గానీ, పిడి ఉన్న ముంత ఆయన చెక్కలేదు. నేను చేతులు తిప్పి తిప్పి చెబితే మొదటిది గరిటెలా వచ్చింది, మూరెడు పిడితో. 'దీంతో తాగాలంటే ఎదురుగా ఇంకో మనిషి పట్టుకోవాల సాయిబూ' అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. రెండోది బాగా కుదిరింది. చదువొచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి పేర్లకి బదులు ఒక్కో ముంత మీద ఒక్కో బొమ్మ చెక్కించాను. అన్నిటికంటే ముందు మా నాయన ముంత. దాని మీద ముల్లుగర్ర. గోడకి వరసగా చిలక్కొయ్యలు దిగ్గొట్టి, వాకిలి పక్కన మొదటి కొయ్యకి దాన్ని తగిలించాను.

మొదటి రోజుల్లో వచ్చింది ఎక్సైజు జవాను ఒక్కడే. కల్లంగడి మళ్ళీ తెరిచారని ఎవడో చాడీ చెప్పాడట. ముంతలన్నీ ఒకటొకటిగా తీసి వాసన చూశాడు. 'మజ్జిగ కంపు కొడతా ఉండాది' అన్నాడు అనుమానంగా. 'మజ్జిగే సార్' అన్నాను. కుండ చూశాడు, పొయ్యి వెనక చూశాడు, బర్రెని కూడా అనుమానంగా చూశాడు. చివరికి ఒక ముంత మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని పోయాడు.

ఆ తరవాత ఊళ్ళో రైతులు రావడం మొదలుపెట్టారు. నా సంబరం ఏం చెప్పమంటారు! కల్లంగడి పోయాక మగవాళ్ళకి పొద్దుగూకే వేళ కూర్చునే చోటు లేకుండా పోయింది. మొదట ఒక రైతు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, చిలక్కొయ్యల్ని చూసి, 'నాకూ ఒక ముంత చెక్కియ్యి, కొడవలి బొమ్మ వెయ్యి' అన్నాడు. మర్నాడు ఇంకొకాయన తాటిచెట్టు వేయమన్నాడు. ఇంకొకాయన చేప. సాయిబు చెయ్యి ఆగలేదు. చివరికి మునసబే వచ్చాడు. పంచె పైకెత్తి బల్ల చివర కూర్చుని తనకి ఎద్దు బొమ్మ కావాలన్నాడు. ఎద్దు బొమ్మ చెక్కించి, ఆయన ముంత కొయ్యకి తగిలిస్తూ, ఆ ఇంగ్లాండు ఆమె ఉంటే చూసేది కదా అనుకున్నాను. మునసబు నా చేతి మజ్జిగ తాగుతున్నాడు! కోడెదూడ దగ్గర్నుంచి కోర్టు తగాదా దాకా అన్ని కబుర్లూ నా కొట్టంలోనే. వానల్లేవని కూడా అక్కడే తిట్టుకునేవాళ్ళు.

మా పాలెంవాళ్ళు మాత్రం ఒక్కరూ రాలేదు. మా నాయన పని నుంచి వస్తూ రోడ్డుకి అవతల, కంపచెట్టు నీడలో గొంతుక్కూర్చునేవాడు. 'లోపలికి దా నాయనా' అంటే 'ఈడ బాగుండాదిలే' అని దోసిలి పట్టేవాడు. దోసిట్లో మజ్జిగ పోసి వచ్చేవాణ్ణి. ముల్లుగర్ర బొమ్మ ముంతకి దుమ్ము పట్టింది. రోజూ తుడిచేవాణ్ణి. భయం పోలేదు, మెల్లగా పోతుందిలే అనుకున్నాను.

ఒకరోజు మునసబు మంచి హుషారులో ఉన్నాడు. మూతి తుడుచుకుని, నలుగురూ వినేలా అన్నాడు. 'ఒరే, నువ్వు ఎదవ్వి అనుకున్నాను గానీ భలే తెలివిగలోడివిరా. ఎవురి ముంత వాళ్ళకి పెట్టినావు. ఒకడి ఎంగిలి ఇంకొకడికి తగలదు. ఆత్మకూరు హోటలోడికి కూడా ఈ తెలివి రాలేదు. మీ వాళ్ళొచ్చినా వాళ్ళ ముంత వాళ్ళది, మాకేం ఇబ్బంది లేదు.'

రైతులందరూ తలలూపారు. అందుకే వచ్చారు వాళ్ళు, నా బల్ల కోసం కాదు, నా కోసం కాదు. ఇంగ్లాండులో నువ్వు మా ఊరివాడివని తగిలించిన ముంతని, ఇక్కడ దూరం దూరం అని తగిలించినట్టు చదువుకున్నారు.

ఆ సాయంత్రం రోడ్డు దాటి నాయన దగ్గరికి పోయాను. 'నాయనా, నీ ముంత నీ కోసం ఎన్నాళ్ళు ఎదురుచూడాల? నిజం చెప్పు, ఎందుకు రావు?'

నాయన నా వైపు చూడలేదు. గోడ మీది కొయ్యల వైపు చూస్తూ అన్నాడు. 'చూరులో చిప్పకీ, కొయ్య మీద ముంతకీ తేడా ఏందిరా? ఆడా నాది నాకే, ఈడా నాది నాకే. పైగా ముల్లుగర్ర బొమ్మ. చేతిలో ఉండేది చాలదా?'

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. మునసబూ అదే చూశాడు, మా నాయనా అదే చూశాడు. ఒకడు సంతోషించాడు, ఒకడు రోడ్డు దాటలేదు. చూడనివాణ్ణి నేనొక్కణ్ణే. అయితే తప్పు నాదని తల దించుకుంటానా? దించుకోను. ముంతది తప్పు కాదు, నాది కాదు. ఏ ముంత పెట్టినా దాన్ని చిప్పగా మార్చే ఊరిది తప్పు. అప్పుడు కూడా ఇదే అన్నాను, ఇప్పుడూ ఇదే అంటాను.

మరుసటి సంత రోజు, కొట్టం నిండా జనం ఉన్నప్పుడు, కొయ్యల మీది ముంతలన్నీ తీశాను. ఎద్దు, చేప, కొడవలి, తాటిచెట్టు, ముల్లుగర్ర, అన్నీ బర్రెకి కుడితి పెట్టే గంగాళంలో, అంటే కొత్త గంగాళంలోలెండి, నీళ్ళు పోసి అందులో పడేశాను. కడిగి చేతికి ఏది వస్తే దాంట్లో పోసి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాను.

'ఒరే, ఇది నాది కాదు. నాది చేప' అన్నాడొక రైతు.

'అన్నీ ముంతలే అయ్యా. మజ్జిగ ఒకటే కుండది.'

'నాది ఎవురికిచ్చినావు?'

'తెలీదు. ఎవురికో ఇచ్చినాను.'

గొడవ మొదలైంది. ఒకాయన ముంత నేలకేసి కొట్టాడు. చెక్క కదా, పగల్లేదు. దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. తీసి, కడిగి, మళ్ళీ మజ్జిగ పోసి ఆయన ముందే పెట్టాను. మునసబు లేచి నిలబడ్డాడు. 'కొవ్వెక్కింది నీకు. పొద్దున్నే నా ముంత నా కొయ్యకి కనపడకపోతే నీ సంగతి చూస్తాను.'

'కొయ్యలు కూడా పీకేస్తాను అయ్యా, మీకు వెతుక్కునే శ్రమ ఉండదు' అన్నాను. నిజంగానే పీకేశాను. అవి మా పొయ్యిలోకి పనికొచ్చాయి.

బల్ల ఖాళీ అయింది. కొట్టం సొంతదారుకి కబురు పోయింది, నన్ను ఖాళీ చేయించమని. ఆయన పక్క ఊరివాడు, మునసబుతో ఏవో పాత తగాదాలున్నవాడు, అందుకే నన్ను ఉండనిచ్చాడు. నా మీద ప్రేమతో కాదు. బస్సు డ్రైవరు ఒకడు ఇంజను వేడెక్కి నీళ్ళ కోసం ఆగి, నా బల్ల మీద కాళ్ళు చాపుకుని, ఆ రోజు నుంచి ప్రతి ట్రిప్పులోనూ ఆపేవాడు. బస్సు దిగినవాళ్ళకి ఏ ముంత ఎవరిదో తెలియదు, అడగలేదు, తాగారు. అలా బతికాం. అయితే నా కడుపులో మంట చల్లారలేదు. మునసబు మా నాయనని పిలిచి చెప్పాడట, నీ కొడుకు కొట్టంలో కాలు పెడితే నా కళ్ళంలో కాలు పెట్టొద్దని. ఆ మాట విన్నాక నాయన రోడ్డు అవతల కూర్చోవడం కూడా మానేశాడు. తల దించుకుని గబగబా నడిచి పోయేవాడు.

నా భార్య ఒకరోజు అంది, 'మామని బలవంతం చేయబాకయ్యా. ఆ పని పోతే ఆయన పగలంతా ఏం చేస్తాడు? వయసు మళ్ళినోడు.' నేను బలవంతం చెయ్యలేదు. ఇంగ్లాండులో ఆమె నాకు వాకిలి చూపించింది, లోపలికి నెట్టలేదు. అంతకన్నా పెద్ద మర్యాద నాకు తెలియదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం. మెట్ట పొలాలన్నీ బీటలు వారి ఉన్నాయి. బస్సు ఇంకా రాలేదు. బల్ల మీద ఇద్దరు బాటసారులు కూర్చుని ఉన్నారు, నేను వడలు తీస్తున్నాను. గుమ్మంలో నీడ పడితే తలెత్తాను. మా నాయన. పొద్దున పోయిన మనిషి ఆ వేళకి రావడమేంది? వంట్లో బాగాలేదా అని అడగబోయి ఆగాను. ఆయన భుజం మీద ఏదో తేడాగా ఉంది. కాసేపటికి తెలిసింది, ముల్లుగర్ర లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ భుజం ఖాళీగా ఉండగా నేను చూడలేదు.

'నాయనా, కర్ర యాడ?'

'ఆయన గోడకానించి వచ్చినాను' అన్నాడు. 'ఇంక రానని చెప్పినాను.'

నేను పిలవలేదు. రమ్మంటే ఆ రావడం నాదైపోతుంది. పొయ్యి ముందు నుంచి లేవకుండా వడలు తిప్పుతూ కూర్చున్నాను, చూపంతా గుమ్మం మీదుంటే నూనె మీద పడింది కూడా. నాయన గుమ్మం దాటాడు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ బాటసారులిద్దరూ ఎవరో ఏమో, మాటల్లోనే ఉండి, అలవాటుగా కొంచెం జరిగారు. మా నాయన కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బల్ల గట్టిదేనా అన్నట్టు ఒకసారి కదిలి చూశాడు.

'మజ్జిగ పొయ్యి' అన్నాడు.

గంగాళంలో చెయ్యి పెట్టాను. చూడకుండానే తీశాను, మా అంగడి పద్ధతి అది. తీరా పోశాక చూస్తే ఎద్దు బొమ్మ. మునసబు ముంత. వెనక్కి తీసుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. తీసుకోలేదు. ఆయన ముందు పెట్టాను.

నాయన ముంత ఎత్తి, బొమ్మని వేలితో తడిమాడు. కొమ్ముల దగ్గర్నుంచి తోక దాకా తడిమాడు. ఆయనకి చదువు రాదు గానీ ఎద్దుని గుర్తుపట్టకుండా ఉంటాడా?

'దీని ఎనకాలే నడిచినాను రా బతుకంతా' అన్నాడు. 'ఇన్నాళ్ళకి మొహం చూపించినాది.'

గటగటా తాగేశాడు. మీసానికి అంటుకున్న మజ్జిగ తుడుచుకోలేదు. ఖాళీ ముంత బల్ల మీద ఠక్కున పెట్టి నా వైపు తోశాడు.

'ఇంకోటి పొయ్యి. ఈసారి ఇంకెవురిదన్నా ఇయ్యి.'